నర్సమ్మకు చెప్పిన మాట

డెబ్బై రెండు ఎండాకాలంలో మా ఆయన ఒక మలయాళీ నర్సుకు తన మనసులో మాట చెప్పాడు. ఇంగ్లీషులో చెప్పాడు. నేను ఆ పక్కనే ఉన్నాను, చేతిలో టిఫిను డబ్బా పట్టుకుని. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మండకూడదని మీరంటే మీరు చాలా మంచివాళ్లు, నేను కాను.

అప్పుడు గోదావరిఖనిలో మాది రెండు గదుల క్వార్టరు. నేను, ఆయన, మా అత్త లస్మవ్వ. ఆయన బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. మార్చి చివర్లో ఒక పొద్దున కప్పు నుంచి బండ జారి ఆయన కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆయన జతగాడు బిక్షం ఆ బండ కిందే పోయాడు. ఇద్దరినీ ఒకేసారి పైకి మోసుకొచ్చారు. ఒకరిని దవాఖానకు తీసుకుపోయారు, ఒకరిని ఇంటికి.

మా పెళ్లయి అప్పటికి మూడేళ్లు. ఆయన నాతో మాట్లాడడని కాదు. నీళ్లు పెట్టు, సైకిలు తాళం ఏది, అవ్వ తిన్నదా, ఇవన్నీ అడిగేవాడు. కూర ఏం చెయ్యమంటావంటే "ఏదో ఒకటి" అనేవాడు. ఉప్పు ఎక్కువైనా తిన్నాడు, వెయ్యడం మర్చిపోయినా తిన్నాడు. అత్త ఎదురుగా మొగుడూ పెళ్లాలు ముచ్చట్లు పెట్టుకోవడం మా ఇళ్లలో సిగ్గుమాలిన పని, రెండు గదుల ఇంట్లో అత్త ఎదురుగా లేని చోటు ఎక్కడుంటుంది? ఇష్టం, కష్టం, బాగుంది, బాగాలేదు లాంటి మాటలు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనేవాళ్లు కాదు. అందుకని నాకు లోటేమీ తెలియలేదు, ఆ నర్సు వచ్చేదాకా.

ఆమె పేరు చిన్నమ్మ. ఆ పేరు వినగానే నా ప్రాణం కుదుటపడింది. చిన్నమ్మా అని పిలిచాక ఇంకో వరుస ఏముంటుంది! కానీ వార్డులో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు, సిస్టర్ అన్నారు. సన్నగా, చామనచాయగా ఉండేది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. ఆ సొట్ట నేను మొదటి రోజే చూశాను.

కేరళ నుంచి అప్పుడప్పుడే వచ్చింది కాబట్టి ఆమెకు తెలుగు రాదు. వార్డులో వాళ్లకు మలయాళం రాదు. నొప్పి ఎక్కడ, ఆకలి ఉందా, నిద్ర పట్టిందా అని అడగాలంటే మధ్యలో ఉన్నది నాలుగు ఇంగ్లీషు ముక్కలే. అందుకని ఆమె మంచాల మధ్య తిరుగుతూ వార్డంతటికీ రోజువారీ మాటలు నేర్పింది. మా ఆయన కమాన్‌పూర్ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు, అందరికంటే ముందు అందుకున్నాడు. పక్క మంచం పోశం కాకకు అక్షరం ముక్క రాదు, అయినా "సిస్టర్, ఐ యామ్ వెరీ శాడ్" అని మూలిగి రోజూ ఇంకో గ్లాసు పాలు సంపాదించేవాడు. వార్డు వార్డంతా నేర్చుకుంటున్నా నాకు మాత్రం మా ఆయన ఒక్కడే నేర్చుకుంటున్నట్టు కనిపించేది.

ఒక సాయంత్రం మేము పోయేసరికి ఆమె ఆయన మంచం దగ్గరే ఉంది. మా అత్త డబ్బా మూత తీసింది.

"తిను కొడుకా. నీకు పుంటికూరంటే పానం గదా, పప్పుల ఏసి చేసింది ఐలవ్వ."

ఐలవ్వ అంటే నేను. నర్సు డబ్బాలోకి తొంగిచూసి ఏదో అడిగింది. ఆయన మొహం చిట్లించి, "ఐ డోంట్ లైక్" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. మళ్లీ ఏదో అడిగితే "ఐ లైక్ ఎగ్" అన్నాడు, ఆపైన "ఐ ప్రిఫర్ టీ" అన్నాడు. అడగడం, చెప్పడం, మధ్యలో నవ్వులు.

"ఏమంటుండే?" అని మా అత్త నన్ను గోకింది.

"ఏమో అత్తా, నాకేం ఎరుక" అన్నాను.

దవాఖాన నుంచి ఇంటిదాకా పెదాలు కదుపుతూ, ఆ మాటలు నిండు బిందెలాగా ఒలకకుండా మోసుకొచ్చాను. తిన్నగా పక్క క్వార్టరుకు పోయాను. అక్కడ సర్వరీ బేగం ఉండేది. వాళ్లాయన చాంద్ పాషా వర్క్‌షాపులో ఫిట్టరు. ఆమె పెళ్లికి ముందు కొత్తగూడెంలో ఒక తెల్లదొర బంగళాలో పిల్లను ఆడించే పని చేసింది. చదువు లేదు కానీ ఆ ఇంట్లో చెవులారా విన్న ఇంగ్లీషు ఉంది. బియ్యం చెరుగుతున్నదల్లా నా ముక్కలు విని చాట కింద పెట్టింది.

"ఎవలన్నరు గివి?"

"నువ్వు ముందుగాల చెప్పక్కా. ప్రిఫర్ అంటె ఏంది?"

"రెండిట్ల ఏది ఎక్కువ పసందో గది చెప్పుడు. కాఫీకన్న చాయ్ మంచిగనిపిస్తదని అంటుండు."

"డోంట్ లైక్ అంటె?"

"నచ్చదని. ఏం జూసుకుంట అన్నడు?"

పుంటికూర, అదే మీరు గోంగూర అంటారే, అది చూసుకుంటూ అన్నాడు. వారానికి మూడుసార్లు ఆకు దూసి, కడిగి, పప్పులో వేసి, మూడేళ్లుగా నేను ఆ మనిషికి పెడుతున్నాను. మూడేళ్లూ కిక్కురుమనకుండా తిన్నాడు. అటువంటిది నిన్నగాక మొన్న బస్సు దిగిన ఆడది అడిగిందో లేదో, నచ్చదని చెప్పేశాడు! సర్వరీ బేగం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు కోడిగుడ్డు కూర చేసుకుపోయాను. డబ్బా నాకి పెట్టాడు. నాతో ఏమీ అనలేదు. ఆమె వచ్చి "గుడ్?" అంటే మాత్రం "వెరీ గుడ్" అన్నాడు. గుడ్డు నాది, మెచ్చుకోలు ఆమెకు.

ఆ తర్వాత నాకు అదే పని అయింది. సాయంత్రం మాటలు పట్టుకొచ్చేదాన్ని, పొద్దున సర్వరీ బేగం వాటిని విప్పి చెప్పేది. ఈ కిటికీ పక్కనుంటే హాయిగా ఉంది అన్నాడట. ఆ లావు డాక్టరు కంటే సన్న డాక్టరు నయం అన్నాడట. రాత్రి ఉక్కపోతకు చిరాకేసింది అన్నాడట. మా ఆయనకు చిరాకేస్తుందని నాకు ఒక పరాయి ఆడదాని వల్ల తెలిసింది. ఒకరోజు సర్వరీ బేగం దగ్గర సుర్మా అడిగి కళ్లకు పెట్టుకుని పోయాను. ఆయన చూడనే లేదు. ఆ నర్సు చూసి "నైస్" అంది, తన స్టూలు నాకు జరిపి కూర్చోమంది. నేను కూర్చోలేదు. కాళ్లు పీకుతున్నా గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఆమె జరిపిన స్టూలు మీద కూర్చుంటే నా మొగుణ్ని సగం ఇచ్చేసినట్టే అనిపించింది.

ఒకరోజు కట్టు తొందర్లోనే విప్పుతామని డాక్టరు చెప్పిపోయాడు. మా అత్త సంబరానికి అంతులేదు. తునికిపండ్లు ఒలిచి మంచం మంచానికీ పంచిపెట్టింది.

"వానలు పడెటాళ్లకు నా కొడుకు బాయి దిగుతడు. వాళ్ల నాయిన బెల్లంపల్లిల గిట్లనే నడుం ఇరిగి, మల్ల దిగిండు. మా ఇంట్ల ఎనుకకు జరిగినోడు లేడు."

"షేర్ లెక్కున్నడు, దిగకేం జేస్తడు?" అన్నాడు పోశం కాక, పండు నోట్లో వేసుకుంటూ.

మా ఆయన కూడా నవ్వాడు. అప్పుడే నర్సు జ్వరం చూడటానికి వచ్చింది. ఆయన ఆమె మొహం చూడలేదు. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, మెల్లిగా, "సిస్టర్, ఐ యామ్ అఫ్రైడ్" అన్నాడు.

ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. ఏదో అడిగింది. ఆయన తల ఊపి మళ్లీ అదే మాట అన్నాడు, ఈసారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అత్త ఇంకా పండ్లు ఒలుస్తోంది. ఆ గదిలో ఇద్దరికే తెలిసినదేదో జరిగింది, ఆ ఇద్దరిలో నేను లేను. ఇన్నాళ్లూ చాయ్, గుడ్డు, కిటికీ అయ్యాయి, ఇప్పుడు అసలు మాట వచ్చింది అనుకున్నాను. ఇంటికి పోతూ ఆ మాటను పలకడానికి కూడా ఇష్టం లేక పళ్ల మధ్య కొరుకుతూ పోయాను. ప్రేమ అనే మాటే అయ్యుంటుందని నాకు రూఢి అయిపోయింది.

సర్వరీ బేగం ఎప్పటిలా నవ్వడానికి సిద్ధమై, విని ఆగిపోయింది.

"ఇంకోపారి చెప్పు."

చెప్పాను.

"గిది మా దొరసాని తన బిడ్డను అడిగేటిది. ఉరుములొస్తె పిల్ల మంచం కింద జొచ్చేది. ఒళ్లె ఏసుకొని, 'ఆర్ యు అఫ్రైడ్' అని అడిగేది. భయమైతుందా బిడ్డా అని."

"భయమా?"

"భయమే. నీ మొగనికి భయమైతుందంట."

ఒక్క క్షణం నా గుండె మీద నుంచి బరువు దిగింది, ప్రేమ కాదు కదా అని. ఆ క్షణం పోగానే ముందుకంటే ఎక్కువ మండింది. ప్రేమే అయినా బాగుండేది. వీధిలోకి లాగి పోట్లాడేదాన్ని, నలుగురూ నా వైపు ఉండేవాళ్లు. భయం గురించి ఎవరితో పోట్లాడాలి? కట్టుకున్న మనిషి భయం కట్టుకున్నదానిది. అది నాకు రావలసింది. దాన్ని ఆయన మోసుకుపోయి, మా ఊరి పేరు కూడా సరిగ్గా పలకలేని మనిషి చేతిలో పెట్టాడు.

కట్టు విప్పి ఇంటికి పంపారు. వచ్చేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఒక్క ముక్క గుర్తు పెట్టుకోలేదు, కావాలనే.

ఇంట్లో నేను ఆయన్ను కాపు కాశాను. గిన్నె జారిపడితే ఉలిక్కిపడేవాడు. అటక కింద కూర్చునేవాడు కాదు. మంచం వాకిట్లో వేసుకునేవాడు. ఎండాకాలం అందరూ వాకిట్లోనే పడుకుంటారు కాబట్టి మా అత్తకు అనుమానం రాలేదు. తొలి వాన పడ్డప్పుడు అందరం మంచాలు లోపలికి లాక్కున్నాం, ఆయన గోనెపట్టా కప్పుకుని బయటే ఉన్నాడు. చల్లగా ఉంటుందన్నాడు. వాకిట్లో నీళ్ల బావి దగ్గర చేదుతుంటే ఏం కాదు, ఇంటి కప్పు కిందకు రావడమే ఆయనకు కష్టంగా ఉండేది. అత్త కోమటి దుకాణానికి పోయిన కాస్త సందులో అడిగాను.

"నిన్నే. ఏమయితుంది నీకు?"

"ఏం లేదు."

"ఏమన్న ఉంటె చెప్పరాదు?"

"ఏం లేదంటున్న గదా."

ఆమెకు అంతా, నాకు ఏం లేదు. ఇంకేముంది, నేనూ నోరు మూసుకున్నాను. అయితే సర్వరీ బేగం దగ్గర కూర్చుని దొరసాని అడిగే ఆ ప్రశ్నను, పిల్లకు నప్పేలా కాక మొగుడికి నప్పేలా, గట్టిగా అడగడం నేర్చుకున్నాను. ఆయన నాకు తెలుగులో చెప్పడు. సరే, ఆమెకు చెప్పిన మాటలోనే అడుగుతాను. నాకూ ఆ మాట వచ్చని తెలియాలి, ఆయన మొహం ఎట్లా అవుతుందో నేను చూడాలి. అడిగాక ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

కానీ అడిగే సందే దొరకలేదు. డాక్టరు ఎట్లా ఉందంటే "మంచిగుంది సార్" అన్నాడు, ఫిట్టు అని రాసిచ్చారు. మా అత్తకు మొక్కు ఉంది. కొడుకు కాలు కుదురుకుంటే బాయి మొగదల ఉన్న మైసమ్మకు కోడలి చేత బోనం ఎత్తిస్తానని, అమ్మకు చెప్పి కొడుకు అక్కణ్నుంచి అక్కడే బాయి దిగుతాడని. దెబ్బ తగిలినవాళ్లు మళ్లీ దిగేటప్పుడు మా వాడలో అలా చేసేవాళ్లు చాలామంది. ఇంటి ఇల్లాలు ఉపవాసముండి కొత్తకుండలో అన్నం వండి, పసుపు పూసి, వేపాకు కట్టి, నెత్తిన పెట్టుకుని నడవాలి.

ఆ పొద్దున ముసురు పట్టింది. మొదటి షిఫ్టువాళ్లు నెత్తిన టోపీలు, చేతుల్లో నీళ్ల డబ్బాలతో మైసమ్మ గద్దె చుట్టూ గుమిగూడారు. ఆయన కొత్త జతగాడు సదయ్య ఆయన టోపీ కూడా తనే పట్టుకుని నిలబడ్డాడు. డప్పు మోగుతోంది. మా అత్త ఆయన నుదుట పసుపు దిద్దింది. ఆయన బాయి మొగం వైపు చూస్తున్నాడు. లోపలికి దిగే ఆ చీకటి దారినే చూస్తున్నాడు. ఆ మొహం నాకు గుర్తే. వార్డులో దుప్పటి అంచు వేలికి చుట్టుకున్నప్పటి మొహం. ఇప్పుడు ఇక్కడ ఆ నర్సు లేదు, నేనున్నాను.

నేను గద్దె వైపు నడవకుండా ఆయన వైపు తిరిగాను. మెల్లిగానే అడిగాను. డప్పు మోతలో వినపడలేదు. "ఏంది?" అన్నట్టు చూశాడు. పొద్దుటి నుంచి ఉపవాసం, తలమీద కుండ వేడి, ఇన్ని నెలల కడుపుమంట. గొంతు చించుకుని అరిచాను.

"ఆర్ యు అఫ్రైడ్?"

సరిగ్గా అప్పుడే డప్పు ఆగింది. నా అరుపు ఒక్కటే మిగిలింది. జుట్టు ముడి ఊడి వీపు మీద పడింది. మా అత్త నన్ను చూసి, రెండు చేతులూ జోడించి బురదలో బోర్లా పడిపోయింది.

"అమ్మ వచ్చింది! అయ్యో, అమ్మ ఒంటి మీదికి వచ్చింది!"

జనం గుప్పున వెనక్కి జరిగి చేతులెత్తారు. టోపీలు తీశారు.

"ఏ భాషల పలుకుతుందే అమ్మ?" అని ఎవరో అడిగారు.

"ఇంగ్లీషు లెక్కున్నది."

"కంపెనీ పెట్టిందే తెల్లదొరలు. బాయి కాడి అమ్మకు ఇంగ్లీషు రాదా?" అని కసిరాడు షిఫ్టు మనుషుల్ని బాయిలోకి దించే ముసలి సర్దారు లింగమూర్తి.

నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయనకు తెలుసు, వచ్చింది అమ్మ కాదని. నవ్వుతాడేమో, నా పరువు తీస్తాడేమో అనుకున్నాను. ఆయన నా కళ్లలోకి చూశాడు. పెళ్లయ్యాక పది మందిలో అట్లా చూడటం అదే మొదలు.

"ఎస్" అన్నాడు. "ఐ యామ్ అఫ్రైడ్."

మా అత్త తల ఎత్తి ఏడుస్తూ అడిగింది. "తల్లీ, నీ మాట మాకు సమజైతలేదు. నా కొడుకును దించాల్నా, వద్దా?"

నా దగ్గర ఇంకొక్క ఇంగ్లీషు ముక్కే ఉంది.

"నో" అన్నాను.

ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. సెలవు అడిగినప్పుడల్లా అక్కడి వాళ్లందరూ విన్నదే. సదయ్య చేతిలోని టోపీని మెల్లిగా గద్దె మీద పెట్టేశాడు. లింగమూర్తి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "అమ్మ వద్దన్న మనిషిని నేను దించ. నా కింద ఎవలూ నీతోని జోడు కట్టరు. ఇంటికి వో బిడ్డా, పెద్దసారుతోని నేను మాట్లాడుత" అన్నాడు. సైరన్ కూసింది. వాళ్లంతా ఒకరి వెనక ఒకరు లోపలికి దిగిపోయారు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. పెద్దసారు కోప్పడ్డాడట, నవ్వాడట, ఆఖరికి ఆయనకు పైన, టోపీ దీపాలు ఇచ్చే లాంపు రూములో పని ఇచ్చాడు. జీతం తగ్గింది. మా అత్త చాలా రోజులు నాకు ఎంగిలి గిన్నె కూడా తోమనివ్వలేదు. ఆ నర్సు తెలుగు నేర్చుకుని ఆ దవాఖానలోనే చాలా ఏళ్లు పనిచేసింది, ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరిగేదాన్ని.

ఆ పొద్దున బోనం గద్దె దగ్గర దించేసి ముగ్గురం ఇంటికి నడిచాం. మా అత్త మొక్కులు గొణుక్కుంటూ ముందు పోతోంది. నేనూ ఆయనా వెనక.

"ఎవలు నేర్పిన్రు నీకు?" అన్నాడు.

"ఎవలు నేర్పితె నీకేంది? ఆమెకు చెప్పినవు. పరాయి మనిషికి చెప్పినవు. నాకెందుకు చెప్పలే?"

కొంచెం కుంటుతూ నడుస్తున్నాడు.

"ఆమె ఏమన్నా నాకు పోయేదేం లేదు" అన్నాడు. "మా అవ్వ 'బాయి దిగుతడు, దిగుతడు' అన్నప్పుడల్ల నువ్వు ఎనుక నిలవడి తలకాయ ఊపుతుంటివి. నీకు చెప్తె, నువ్వు గూడ 'ఏం గాదు, దిగు' అంటె?"

అత్త మాటకు తల ఊపని కోడలు మా వాడలో ఎక్కడుంది? ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. దానికి బదులు వేరే మాట వచ్చింది, ఇంత పెద్దగా వస్తుందని నేను అనుకోలేదు.

"నాకిష్టం లేదు. నువ్వు బాయి దిగుడు నాకు ఇష్టం లేదు."

ముందు నడుస్తున్న మా అత్త ఆగి వెనక్కి తిరిగింది. నా మొహం చూసింది, ఈ మాటా అమ్మదేనా అన్నట్టు ఆ తర్వాత నా నెత్తి వైపు చూసింది. నెత్తిన బోనం లేదు.